షాదీ కార్డు పేరుతో దొంగ ఫైలు: గ్రూపులో ఎవర్ని అనుమానించాలి?

షాదీ కార్డు పట్టుకొని ఇంటింటికీ తిరిగే రోజులు దాదాపు పోయాయి. చెన్నూరులో నిఖా ఉందంటే మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ చుట్టాలకే కాదు, దుబాయ్‌లో, రియాద్‌లో పనిచేసే పిల్లలకు కూడా కార్డు వాట్సాప్‌లోనే వెళ్తుంది. ఖాందాన్ గ్రూపు ఒకటి, మొహల్లా గ్రూపు ఒకటి, మస్జిద్ కమిటీది ఒకటి, పిల్లల స్కూలుది ఇంకోటి. అన్నీ ఒకే ఫోన్‌లో. సైబర్ దొంగలు సరిగ్గా ఈ అలవాటునే పట్టుకున్నారు.

పెళ్లి కార్డు పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి 2024 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరిక ఇచ్చారు. ఇలాంటి ఫైళ్లే ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని, రివార్డు పాయింట్లు అని రకరకాల పేర్లతో తిరుగుతున్నాయి. మన తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కూడా ఏపీకే ఫైళ్లు తెరవొద్దని చెప్తూనే ఉంది. అయినా జనం తెరుస్తున్నారంటే కారణం తెలివి తక్కువై కాదు. ఆ ఫైలు పంపింది మామూనో, ఫుప్పో, మస్జిద్‌లో రోజూ పక్కన నిలబడే మనిషో కాబట్టి.

అసలు ఇది ఎట్లా నడుస్తుందో చూద్దాం. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు. కార్డు చూద్దామని నొక్కగానే ఇన్‌స్టాల్ చేయాలా అని ఫోన్ అడుగుతుంది. ఆ తర్వాత మెసేజ్‌లు చదవడానికి, కాంటాక్టులు చూడటానికి పర్మిషన్ అడుగుతుంది. తొందరలో అన్నిటికీ సరే అంటాం. ఇక బ్యాంకు పంపే ఓటీపీ మనకంటే ముందు వాడికి చేరుతుంది. కొన్ని రకాలైతే స్క్రీన్ మీద మనం ఏం నొక్కుతున్నామో కూడా చూస్తాయి. ఈ లోపల మన వాట్సాప్ వాళ్ల చేతికి చిక్కితే అదే ఫైలు మన పేరు మీద, మన ఫొటోతో మన గ్రూపులన్నిటికీ వెళ్తుంది. ఐఫోన్‌లో ఏపీకే పనిచేయదు గానీ, ఐఫోన్ ఉన్నవాళ్లు అది తెరుచుకోలేదని ఇంకొకరికి ఫార్వర్డ్ చేయడం మాత్రం ఆగదు.

ఎత్తు పాతదే. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ ఇంటర్నెట్‌లోని ఒక చర్చా గ్రూపులో పెట్టిన వర్డ్ ఫైలుతో మొదలైంది. ఆ ఫైలు తెరిచినవాళ్ల ఈమెయిల్ చిరునామాల్లో మొదటి 50 మందికి తనంతట తనే వెళ్లింది. మరుసటి ఏడాది మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' వైరస్ లిస్టులో ఉన్న అందరికీ వెళ్లింది. తెలిసినవాళ్ల పేరు కనిపించింది కాబట్టే జనం తెరిచారు. 25 ఏళ్లు దాటినా దొంగ పెట్టుబడి అదే, మన మధ్య ఉన్న నమ్మకం. అప్పుడు కంప్యూటర్ పాడయ్యేది, ఇప్పుడు ఖాతా ఖాళీ అవుతోంది. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు పడే ఖాతాకు లింకైన నంబరు చాలా ఇళ్లలో అమ్మీ చేతిలోని ఫోన్‌లోనే ఉంటుంది. ఖాందాన్ గ్రూపులో కార్డులు ఎక్కువగా తెరిచి చూసేది కూడా ఆమే.

అందుకే పంపింది ఎవరో చూసి నమ్మడం ఇక్కడ పనిచేయదు, వచ్చింది ఏ రకం ఫైలో చూడాలి. షాదీ కార్డు ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, వీడియోగా వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే కార్డు ఉండదు. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే సొంత అన్న పంపినా తెరవకుండా ముందు ఫోన్ చేసి అడగాలి. వచ్చిన కబురును తహ్‌ఖీఖ్ చేసుకోవాలన్నది సూరా హుజురాత్ చదివినవాళ్లకు కొత్త పాఠం కాదు.

గ్రూపు అడ్మిన్ల సంగతి కొంచెం మాట్లాడాలి. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అది విని చాలామంది చేతులు దులుపుకున్నారు. కానీ వాట్సాప్ అడ్మిన్‌కు ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా తీసేసే వీలు ఇచ్చింది. కాసేపు అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును ఆపే వీలూ ఉంది. రాత్రి 11 గంటలకు దొంగ ఫైలు పడితే పొద్దున ఫజర్ దాకా అది అట్లాగే ఉండటం కోర్టుకు తప్పు కాకపోవచ్చు, మొహల్లాకు మాత్రం నష్టమే. 200 మంది ఉన్న గ్రూపుకు ఒక్కరే అడ్మిన్ ఉండటం కూడా మంచిది కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లలో ఒకరిని చేర్చుకుంటే మనం పడుకున్నాక కూడా ఒకరు మేలుకొని ఉంటారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. ఫైలు ఎవరి పేరు మీద వచ్చిందో వాళ్లను గ్రూపులో తిట్టి, రిమూవ్ చేసి పడేస్తారు. 'ఏం చూసి నొక్కినవ్' అని ఇంట్లో కూడా మొదలుపెడతారు. దాంతో మోసపోయినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు, నోరు విప్పరు. ఇజ్జత్ పోతుందని రెండు రోజులు దాస్తారు. దొంగకు కావాల్సింది ఆ రెండు రోజులే. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారి ఏటీఎంలో తీసేసేలోపు చెప్తేనే దాన్ని ఆపడం కుదురుతుంది.

చట్టం లెక్క కూడా అట్లాగే ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బ్యాంకు తప్పు గానీ ఖాతాదారు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, 3 పనిదినాల్లో చెప్పినవాళ్ల మీద భారం పడదు. ఖాతాదారు నిర్లక్ష్యం ఉందంటే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయింది ఖాతాదారుదే. చెప్పిన తర్వాత పోతే అది బ్యాంకుది. ఏపీకే కేసుల్లో 'మీరే నొక్కారు కదా' అనే మాట వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఎన్ని గంటలకు చెప్పారన్నదే మన చేతిలో ఉండే సాక్ష్యం. ఫిర్యాదు నంబరు, టైము రాసి పెట్టుకోవాలి.

ఒకవేళ నొక్కేశారనుకోండి. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేసి సిమ్ తీసేయాలి. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, యూపీఐ, కార్డు బ్లాక్ చేయించాలి. వెంటనే 1930కి చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చెన్నూరు రామగుండం పోలీస్ కమిషనరేట్ కిందికి వస్తుంది గానీ, అందుకోసం రామగుండం దాకా పోవాల్సిన పని లేదు, మన ఊరి పోలీస్ స్టేషన్‌లోనే చెప్పొచ్చు. కాల్స్ వేరే నంబరుకు మళ్లించారేమో అని అనుమానం ఉంటే, ఫోన్ శుభ్రం చేయించాక సిమ్ వేసి ##002# కొట్టాలి. ఫొటోలు తీసి పెట్టుకొని ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించడమే మంచిది, యాప్ ఒక్కటి తీసేస్తే సరిపోతుందన్న గ్యారంటీ లేదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయాలి, రెండంచెల పిన్ పెట్టుకోవాలి.

ఇంట్లో ఇంకెవరైనా ఆ పూటే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి: 'బాజీ ఫోన్ దొంగల చేతిలో పడింది, ఆమె పేరు మీద వచ్చిన ఫైలు ఎవరూ తెరవొద్దు, డబ్బు అడిగినా పంపొద్దు.' అది విన్న అడ్మిన్ ఫైలు తీసేసి, ఇప్పటికే తెరిచినవాళ్లు ఎవరైనా ఉంటే తనకు విడిగా ఫోన్ చేయమని చెప్తే, గ్రూపులో చెప్పడానికి సిగ్గుపడే ఇంకో నలుగురు కూడా బయటికి వస్తారు.