విద్యార్థికి అప్పు సరే, పూచీ ఎవరిది?

న్యూఢిల్లీ: 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఒక చిన్న మొత్తం విషయంలో చాలా పెద్ద అధికారాన్ని వినియోగించింది. ఆ మొత్తం 17,500 రూపాయలు. ఆ అధికారం, సంపూర్ణ న్యాయం చేకూర్చడానికై రాజ్యాంగంలోని 142వ అధికరణం ఆ న్యాయస్థానానికి మాత్రమే ప్రసాదించినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత కూలి కుటుంబంలోని కుర్రవాడికి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు లభించింది. దానిని ఖాయపరచుకొనడానికి కట్టవలసిన సొమ్మును జూన్ 24 సాయంత్రం అయిదు గంటలలోగా జమచేయలేకపోయినందువల్ల సీటు చేజారింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం అతనిని చేర్చుకొనవలసిందిగా ఆదేశించింది.

న్యాయం జరిగింది, సంతోషమే. అయితే ఈ ఉదంతంలో గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఐ.ఐ.టి.లలో ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు. అనగా ఆ విద్యార్థిని ఆదుకొనే పథకం లేకపోలేదు. కాని అది తలుపు లోపల ఉన్నది. గడప దాటడానికి కావలసిన సొమ్ము గడువులోగా చేతికందించే ఏర్పాటు మాత్రం లేదు. మన విద్యా సహాయ విధానంలోని లోపమంతా ఈ 17,500 రూపాయలలో కనిపిస్తున్నది. గడువు తప్పిన విద్యార్థులందరూ సుప్రీంకోర్టు దాకా రాలేరు గదా!

ఉపకార వేతనం నుంచి రుణం దాకా

పేద విద్యార్థి చదువుకు ప్రభుత్వం సహాయపడాలన్న సూత్రం మనకు కొత్తది కాదు. షెడ్యూల్డ్ కులాలకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం పరాయి పాలనలోనే, 1944లో ప్రారంభమైంది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ అంబేద్కర్ సభ్యుడుగా ఉన్న రోజులవి. బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఆయనకు అటువంటి సహాయం విలువ వేరొకరు చెప్పనక్కరలేదు.

1963లో కేంద్రం జాతీయ రుణ ఉపకార వేతనాల పథకాన్ని ప్రవేశపెట్టింది. దానికి వడ్డీ లేదు. చదువు పూర్తయి ఉపాధ్యాయ వృత్తి చేపట్టినవారికి ఏటా పదోవంతు బాకీ రద్దయ్యేది. వసూళ్ళు అధ్వాన్నంగా ఉండడంతో ఆ పథకం కాలక్రమాన అంతరించింది. లోపాలు ఎన్ని ఉన్నప్పటికీ, నష్టభయం ఖజానా భరించాలన్న సూత్రం అందులో ఉన్నది.

కొఠారీ కమిషన్ సిఫార్సును అనుసరించి, జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు వెచ్చించాలని 1968 జాతీయ విద్యా విధానం లక్ష్యంగా పెట్టుకున్నది. యాభై రెండేళ్ళ తరువాత, 2020 విధానం కూడా అదే ఆరు శాతాన్ని లక్ష్యంగా పేర్కొన్నది. నడుమ ఏమి జరిగిందో వేరుగా వివరించనక్కరలేదు. 1990 దశకంలో ఆర్థిక సంస్కరణలతో పాటు ఆలోచనా ధోరణి మారింది. తెలుగువారైన జస్టిస్ కె. పున్నయ్య అధ్యక్షతన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నియమించిన సంఘం, విశ్వవిద్యాలయాలు తమ ఆవర్తక వ్యయంలో 15 శాతాన్ని సొంతంగా సమకూర్చుకొని, పదేళ్ళలో దానిని 25 శాతానికి పెంచుకోవాలని 1993లో సూచించింది. సొంత వనరులలో ఫీజులు ముఖ్యమైనవని వేరే చెప్పాలా?

ఫీజులు పెరిగినకొద్దీ అప్పు అవసరమైంది. 2001లో భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంతో విద్యా రుణం బ్యాంకుల వ్యాపారంలో భాగమైంది. 2009లో, సాలీనా నాలుగున్నర లక్షలలోపు ఆదాయం గల కుటుంబాల పిల్లలకు వృత్తి, సాంకేతిక విద్య చదివే కాలానికి వడ్డీ రాయితీ వచ్చింది. 2015లో రుణ హామీ నిధి వచ్చింది. గ్రాంటు స్థానాన్ని క్రమక్రమంగా రుణం ఆక్రమించింది. నష్టభయం ఖజానా నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి తల్లిదండ్రుల భుజాలపైకి దిగింది.

ర్యాంకుకు రుణం

ఈ పరంపరలో తాజా మజిలీ, 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం. దీనిలో మెచ్చుకోదగిన అంశాలు లేకపోలేదు. ఆస్తి తాకట్టు అక్కరలేదు, మూడవ వ్యక్తి జామీను అక్కరలేదు. ఏడున్నర లక్షల రూపాయల వరకు రుణాలలో ఎగవేత సంభవిస్తే 75 శాతానికి ప్రభుత్వం పూచీపడుతుంది. ఎనిమిది లక్షలలోపు వార్షికాదాయం గల కుటుంబాల విద్యార్థులకు, పది లక్షల వరకు రుణంపై వాయిదాలు ప్రారంభం కానంతవరకు మూడు శాతం వడ్డీ రాయితీ. ఈ రాయితీ ఏటా లక్షమందికి లభిస్తుంది. 2024-25 నుంచి 2030-31 వరకు 3,600 కోట్ల రూపాయలు కేటాయించారు.

కాని అర్హత విద్యార్థి పేదరికాన్ని బట్టి మొదలు కావడం లేదు, కళాశాల ర్యాంకును బట్టి మొదలవుతున్నది. జాతీయ ర్యాంకుల పట్టికలో పై స్థానాలలో ఉన్న సంస్థలతోను, కేంద్ర ప్రభుత్వ సంస్థలతోను కూడిన తొలి జాబితాలో 860 సంస్థలు ఉన్నాయి. వాటిలో చదివేవారు 22 లక్షల పైచిలుకు అని ప్రభుత్వమే ప్రకటించింది. ప్రభుత్వ సర్వే ప్రకారమే 2021-22లో దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవారు 4 కోట్ల 33 లక్షలు. అంటే నూటికి సుమారు అయిదుగురు! మిగిలిన తొంభై అయిదుగురిలో వృత్తి విద్య చదివే పేదలకు పాత వడ్డీ రాయితీ ఉన్నది. తాలూకా కేంద్రంలోని కళాశాలలో బి.ఏ., బి.ఎస్‌సి. చదివే రైతు కూలీ బిడ్డకు రెండింటిలోను చోటు లేదు. మామూలు రుణం అడగవచ్చు. బ్యాంకు మేనేజరు మొదట చూసేది ఆ చదువుకు ఉద్యోగం వస్తుందా అన్నదే.

ఇక్కడ ఒక విపరీతం ఉన్నది. పేరుమోసిన సంస్థలో చదివే విద్యార్థికి అప్పివ్వడానికి బ్యాంకు సాధారణంగా జంకదు. అటువంటి చోట ప్రభుత్వ పూచీ అవసరం తక్కువ. బ్యాంకు జంకేచోటనే ప్రభుత్వం ముందుకు రావాలి. ఆ పని జరగడం లేదు.

తెలుగునాట అనుభవం

ఈ ప్రశ్నకు తెలుగు నేల వేరొక సమాధానం వెదికింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే విభజన చేసింది. కలిగినవాని ఫీజు లేనివాని చదువుకు ఆసరా కావాలన్నది దాని భావం. 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పు ఆ ఏర్పాటును తోసిపుచ్చింది. ఆ తరువాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంటు, ఆ భారాన్ని ఖజానాపై వేసింది. అప్పు లేకుండా ఇంజనీరింగు చదివిన వేలాది కుటుంబాలకు దాని మేలు తెలుసు.

అయితే ఖజానా సకాలంలో చెల్లించనప్పుడు ఆ మేలు కూడా అప్పుగానే మారుతున్నది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సొమ్ము తల్లుల ఖాతాలలో వేయాలా, కళాశాల ఖాతాలో వేయాలా అన్న వివాదంలో, ప్రభుత్వం మారగానే పద్ధతీ మారింది. ఎవరి ఖాతాలో అన్నదానికన్న ఎప్పుడు అన్నది ముఖ్యం. ప్రభుత్వ బాకీ తీరేవరకు కళాశాల సర్టిఫికెట్లు బిగబట్టి ఉంచితే, ఉద్యోగం పోగొట్టుకొనేది విద్యార్థే.

పొరుగు దేశాలూ ఈ సమస్యకు అతీతం కావు. 1945 నుంచి విశ్వవిద్యాలయం వరకు ఉచిత విద్య ఇస్తున్న శ్రీలంకలో సీట్లు చాలక, ప్రైవేటు సంస్థలలో చదివేవారికి వడ్డీ లేని రుణాలు ఇవ్వవలసి వచ్చింది. బంగ్లాదేశ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజులపై విధించిన ఏడున్నర శాతం పన్నును, విద్యార్థులు వీధులకెక్కడంతో 2015 సెప్టెంబరులో ఉపసంహరించారు.

పార్లమెంటు చేయదగిన పనులు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది: ఆదాయ పరిమితికి లోబడిన విద్యార్థి నుంచి ప్రవేశ సమయంలో పైసా అడగకుండా, ఆ మొత్తాన్ని తరువాత అతనికి రాబోయే ఉపకార వేతనం నుంచి సర్దుబాటు చేసుకోవడం. రెండవది: రుణ హామీలో అధిక భాగాన్ని రాష్ట్రాలలోని సామాన్య కళాశాలలకు ప్రత్యేకించడం. మూడవది: ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఉన్న రీతిలో, సంపాదన ఒక స్థాయికి చేరిన తరువాతనే ఆదాయాన్ని బట్టి వాయిదాలు వసూలు చేయడం. వీటికి డబ్బు కావలసిన మాట నిజమే. మొదటిదానికి మాత్రం డబ్బుకన్న సంకల్పమే ఎక్కువ కావాలి.

విద్యార్థి వాయిదా ఒక నెల ఆలస్యమైతే బ్యాంకు లెక్కగట్టి వసూలు చేస్తుంది. ప్రభుత్వ ఉపకార వేతనం ఏడాది ఆలస్యమైతే లెక్క కట్టే నాథుడు లేడు. ఈ రెండు ఆలస్యాలనూ ఒకే తూనికరాళ్ళతో తూచే శాసనం వచ్చేంతవరకు, ఎన్ని లక్ష్ములు వెలసినా పేదవాని చదువు దైవాధీనంగానే ఉంటుంది.