బ్యాడ్జి ఛాతీ మీద.. రేడియేషన్ వేళ్ల మీద

బియ్యపు గింజ కన్నా చిన్నది. పొడవు నాలుగున్నర మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. టైటానియం తొడుగు లోపల రేడియోధార్మిక అయోడిన్-125 ఉంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగికి ఇలాంటి గింజలను పదుల సంఖ్యలో సూదులతో గ్రంథిలోకి చొప్పించి, శాశ్వతంగా అక్కడే వదిలేస్తారు. కంట్లో కణితి అయితే చిన్న పళ్లెం లాంటి బిళ్లలో వీటిని అమర్చి, కనుగుడ్డుకు కుట్టి, కొన్ని రోజుల తరువాత తీసేస్తారు. మన దేశంలో ఈ గింజలను భాభా అణు పరిశోధన కేంద్రం తయారు చేసింది.

రోగికి మేలు చేసే ఈ గింజలను రోజూ పట్టుకునే వారి సంగతేమిటి? ఈ ప్రశ్నకు భయపెట్టే జవాబు చెప్పడం తేలిక, కానీ అది నిజం కాదు. అయోడిన్-125 కిరణాల శక్తి చాలా తక్కువ. మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందం ఉన్న సీసం రేకు చాలు, వాటి తీవ్రత సగమవుతుంది. పావు మిల్లీమీటరు సీసంతో సమానమైన ఏప్రాన్ వేసుకుంటే శరీరానికి చేరేది వెయ్యో వంతు. కాబట్టి ఆపరేషన్ థియేటర్‌లో నిలబడిన వారి ఒంటికి ఈ గింజల వల్ల తగిలేది స్వల్పమే.

అసలు చిక్కు చేతులతో. ఏప్రాన్ వాటిని కప్పదు. పైగా దూరం తగ్గే కొద్దీ తీవ్రత వర్గం చొప్పున పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల పట్టకారుతో తీయాల్సిన గింజను సెంటీమీటరు దూరంలో వేళ్లు ఉంచి సర్దితే, ఆ వేళ్లకు తగిలే మోతాదు సుమారు 400 రెట్లు ఎక్కువ. కంటి బిళ్లలో ఒక్కో గింజను అమర్చే పని నిదానంగా సాగేది, ఎవరో ఒకరు చేతులతో చేయాల్సిందే. చేతులకు ఏడాది పరిమితి 500 మిల్లీసీవర్టులు. అది దాటిందో లేదో చెప్పాల్సిన టీఎల్‌డీ బ్యాడ్జి మాత్రం ఛాతీ మీద, అదీ ఏప్రాన్ కింద ఉంటుంది! వేలికి ఉంగరంలా పెట్టుకునే కొలమానం లేకపోతే ఆ బ్యాడ్జి నివేదికలో 'సున్నా' అని వచ్చినా వేళ్ల గురించి అది చెప్పేదేమీ లేదు. పైగా బ్యాడ్జి మోగదు. సాధారణంగా మూడు నెలలకోసారి లెక్క కడతారు, తప్పు జరిగిన రోజున అది ఎవరినీ హెచ్చరించదు.

మోగే పరికరాన్ని నమ్మకపోతే ఏమవుతుందో 1992లో అమెరికా చూసింది. పెన్సిల్వేనియాలోని ఇండియానా పట్టణంలో ఒక వృద్ధురాలికి ఇరిడియం-192తో చికిత్స చేశారు. గింజల చికిత్సకు ఇది దగ్గరి బంధువే అయినా, మూలం యంత్రంతో లోపలికి వెళ్లి తిరిగి రావాలి. నవంబరు 16న తీగ తెగి మూలం ఆమె శరీరంలోనే ఉండిపోయింది. గదిలోని అలారం మోగింది. యంత్రం మాత్రం అంతా క్షేమమే అని చూపించింది. సిబ్బంది యంత్రాన్ని నమ్మారు, అలారమే చెడిపోయిందనుకున్నారు. చేతి మీటరుతో ఒకసారి చూసి ఉంటే తేలిపోయేది, చూడలేదు. అయిదు రోజులకు ఆమె చనిపోయారు. మూలం అప్పటికే చెత్తలో కలిసింది, వ్యర్థాలను తరలించే చోట రేడియేషన్ హెచ్చరికతోనే బయటపడింది. నర్సింగ్ హోమ్ సిబ్బంది, సందర్శకులు సహా 90 మందికి పైగా ఆ కిరణాలకు గురయ్యారు. వారిలో చాలామందికి తమ చుట్టూ అలాంటి వస్తువు ఉందన్న సంగతే తెలియదు.

మన ఆస్పత్రుల్లో ఆలోచించాల్సింది కూడా ఇదే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రేడియేషన్ కార్మికులకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. సాధారణ ప్రజలకైతే ఏడాదికి ఒక్కటే. ప్రోస్టేట్‌లో అమర్చిన గింజ ఒక్కోసారి మూత్రంలో బయటికి రావచ్చు. అందుకే మూత్రాన్ని వడగట్టి చూస్తారు. ఆ సంచి ఖాళీ చేసే కాంట్రాక్టు ఆయా, థియేటర్ తుడిచే మనిషి, దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్లే కుర్రాడు ఏ జాబితాలో ఉన్నారు? కార్మికులైతే బ్యాడ్జి, శిక్షణ ఉండాలి. ప్రజలైతే గింజ వారి చేతికి చేరకూడదు.

దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. లోపలికి తెచ్చినవి ఎన్ని, రోగి శరీరంలో అమర్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అనే లెక్క తేలాలి. ఆ తరువాత నేల, గుడ్డలు, చెత్త బుట్ట మీటరుతో వెతకాలి. అది పూర్తయ్యేదాకా థియేటర్ నుంచి ఏ సంచీ బయటికి పోకూడదు. ఈ పని చేయించాల్సింది ఆస్పత్రి రేడియేషన్ భద్రతాధికారి. రెండో కేసు బయట వేచి ఉన్నా, సర్జన్ తొందరపెడుతున్నా, ఆగమని చెప్పే అధికారం ఆయనకు నిజంగా ఉందా అన్నది లైసెన్సు కాగితం మీద కనిపించదు.