పొద్దున 138... సాయంత్రం 156!

అదే సైకిల్, అదే రోడ్డు, అదే స్పీడు. పొద్దున ఆరింటికి తొక్కితే వాచీలో హార్ట్‌రేట్ 138. సాయంత్రం ఆరింటికి తొక్కితే 156. ఏప్రిల్‌లో వారం రోజులు ఇదే తంతు.

మీరైతే 'అలసటలే' అని వదిలేసేవారేమో. నేను వదలలేకపోయా. మా నాన్నకి 49 ఏళ్లకే స్టెంట్ వేశారు. నాకిప్పుడు 28. గుండె విషయంలో చిన్న తేడా కనిపించినా నాకు నిద్ర పట్టదు. అందుకే వాచీ కొన్నప్పుడు నాన్నకీ ఒకటి కొనిచ్చాను.

నేను తొక్కేది నానక్‌రామ్‌గూడ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద. మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. ట్రాఫిక్ గోల లేదు. కాబట్టి నెపం రోడ్డు మీదకి నెట్టలేను.

ఆఫీసులో బగ్ వస్తే ఏం చేస్తాం? అన్నీ ఒకేసారి మార్చం, ఒక్కోటీ మార్చి చూస్తాం. ఇక్కడా అదే చేశా. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో వాట్స్ చూపించే సైకిల్ ఉంది. ఏసీ 24లో పెట్టి, 120 వాట్స్ దగ్గర 20 నిమిషాలు. ఒక రోజు పొద్దున, ఒక రోజు సాయంత్రం. అలా రెండు వారాలు. వాచీ పక్కనపెట్టి ఛాతీకి కట్టుకునే పట్టీ వాడాను. వాచీ చర్మం మీద లైటు వేసి రక్తప్రవాహాన్ని బట్టి లెక్క కడుతుంది. కుదుపులున్నా, హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నా తప్పులొస్తాయి. పట్టీ అయితే నేరుగా గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది.

ఫలితం? 18 బీట్ల తేడా కాస్తా 5కి దిగింది!

ఆ 5 మన ఒంట్లోని 24 గంటల గడియారం పని. తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత, గుండె వేగం బాగా తక్కువగా ఉంటాయి. సాయంత్రానికి ఒళ్లు కాస్త వేడెక్కుతుంది. అందుకే మామూలుగా తొక్కేటప్పుడు, ఒకే శ్రమకి పొద్దున కొన్ని బీట్లు తక్కువ రావడం సహజం. ప్రాణం పెట్టి తొక్కినప్పుడు వచ్చే గరిష్ఠ వేగంలో మాత్రం ఈ తేడా పెద్దగా ఉండదు.

మరి మిగతా 13? మొదటి ముద్దాయి వేడి. ఒళ్లు చల్లబడాలంటే గుండె కండరాలతో పాటు చర్మానికీ రక్తం పంపాలి. చెమటతో నీళ్లు పోయేకొద్దీ ఒక్కో బీటుకి వెళ్లే రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. దానికి తోడు నాలుగున్నరకి తాగిన కాఫీ, ఐదింటి మీటింగ్ టెన్షన్. పైగా స్పీడు ఒకటే అయినంత మాత్రాన శ్రమ ఒకటే కాదు, ఎదురుగాలి ఉంటే లెక్క మారిపోతుంది.

ఇంట్లో గుండెజబ్బు ఉంది కాబట్టి డాక్టర్ దగ్గరికీ వెళ్లాను. ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ రెండూ నార్మల్. నా గ్రాఫుల్ని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "ఛాతీ బరువుగా ఉంటోందా? కళ్లు తిరుగుతున్నాయా? ఎప్పుడూ లేని ఆయాసం వస్తోందా?" అని మాత్రం గుచ్చి గుచ్చి అడిగారు. అవి ఉంటే వాచీ 110 చూపించినా ఆగిపోవాల్సిందే, వెంటనే ఆస్పత్రికి రావాల్సిందే అన్నారు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నా. మొన్న ఆదివారం నాన్న ఫోన్.

"ఒరేయ్, నీకు 138, 156 వస్తున్నాయంటున్నావ్. నేనెంత గబగబా నడిచినా 95 దాటట్లేదు. నా గుండె నీరసించిపోయిందంటావా?"

"నాన్నా, నీ మాత్రల్లో ఒకటి గుండె వేగాన్ని తగ్గించేదే. దాని పని అది చేస్తోంది. నా అంకెతో పోల్చుకోకు."

అటువైపు కాసేపు మాటల్లేవు. తర్వాత మెల్లగా అన్నారు: "రెండ్రోజులుగా ఆ మాత్ర మానేశానురా."

నా కాళ్లు వణికాయి. ఆ రకం మందు ఉన్నట్టుండి ఆపితే గుండెజబ్బున్న వాళ్లకి ప్రమాదం. వెంటనే అమ్మ చేత వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చేయించాను. ఆయన చెప్పినట్టే మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పుడు బాగానే ఉన్నారు.

అందుకే మీకూ చెబుతున్నా. పొద్దున రైడ్‌ని పొద్దున రైడ్‌తోనే పోల్చుకోండి. 220లోంచి వయసు తీసేసే లెక్క సగటు అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి వాచీ కొనిస్తే, పక్కన కూర్చుని వాళ్ల మందుల చీటీ కూడా ఓసారి చూడండి. నేను వాచీ కొనిచ్చాను గానీ, ఆ పని చేయలేదు.