చదవకుండానే చచ్చిందంటారేంటి?

పోస్టు కాస్త పొడుగే. 50 హెచ్‌పీ పైన కొత్త ట్రాక్టరున్నవాళ్ళు, బీఎస్6 పికప్ బండి ఉన్నవాళ్ళు మాత్రం తీరిక చేసుకుని చదవండి. డబ్బు సంగతి.

వర్క్‌షాపుల్లో ఈ మధ్య ఒక మాట బాగా అలవాటైపోయింది. "ఈసీయూ పోయిందండీ, కొత్తది వెయ్యాలి." ఏం చూసి చెప్పావయ్యా అంటే, స్కానర్ పెట్టాను, కనెక్ట్ కాలేదు అంటాడు. అంతే పరీక్ష! మనిషి ఫోన్ ఎత్తకపోతే చచ్చిపోయాడని పాడె కడతామా? ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు, చేలో ఉండి వినపడకపోవచ్చు. కంప్యూటర్ డబ్బా అయినా అంతే. పలకకపోవటం వేరు, చావటం వేరు. ఈ తేడా చెప్పకుండా రైతు చేత వేలకు వేలు కట్టించటం నా దృష్టిలో దోపిడీయే. ఇంకోమాట లేదు.

ఇది ఇప్పుడెందుకు ముదిరిందంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి రోడ్డు బండ్లకు బీఎస్6 వచ్చింది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 వచ్చింది. దాంతో పాత మెకానికల్ పంపు పోయి కామన్ రైల్ వచ్చింది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు ఎంత డీజిల్ కొట్టాలో ఆ డబ్బానే చెప్తది. పాత బండి ఆగితే ఊళ్ళో మేస్త్రి చెవి పెట్టి విని చెప్పేవాడు. ఇప్పుడు మనం చెవి పెట్టినా వినపడదు కాబట్టి ఎవడేం చెప్తే అదే వేదం అయిపోయింది.

డబ్బా మీదికి వెళ్ళేముందు చూడాల్సినవి ఏ షాపులోనైనా పది నిమిషాల పని. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎంతకు పడిపోతోంది? ఫ్యూజులు, మెయిన్ రిలే బాగున్నాయా? ఈసీయూ ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగిసిన చోట తుప్పు పట్టిందా? మనం దమ్ములో దించుతాం, సాయంత్రం ప్రెషర్ పంపుతో కడుగుతాం. కనెక్టర్‌లోకి నీళ్ళు పోయి పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. కొట్టంలో నిలబెడితే ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి. వీటిలో ఏ ఒక్కటి జరిగినా స్కానర్‌కి డబ్బా దొరకకపోవచ్చు.

మల్టీమీటర్ ఉన్నవాడు ఇంకో రెండు చూడొచ్చు. ఒకటి, బ్యాటరీ తీగ తీసేసి, స్కానర్ పెట్టే సాకెట్ దగ్గర క్యాన్ వైర్లు రెండింటి మధ్య ఓమ్స్ కొలవటం. పదహారు పిన్నుల సాకెట్ అయితే మామూలుగా 6, 14 పిన్నులు. లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండుంటాయి కాబట్టి 60 దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఒక కొస తెగినట్టు. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నట్టు. రెండోది సెన్సర్లకు పోయే 5 వోల్టుల లైను. ఎక్కడో ఒక సెన్సర్ షార్టయినా, ఆ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా మొత్తం లైను కిందికి పడిపోతది. అప్పుడు ఒకేసారి నాలుగైదు తప్పులు చూపిస్తది, కొన్ని బండ్లలో స్టార్టే కాదు. సెన్సర్ల సాకెట్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తే అదే దొంగ.

ఇవన్నీ బాగుండి కూడా డబ్బా పలకలేదనుకోండి. అప్పుడు చెయ్యాల్సింది దాన్ని బండి నుంచి విప్పి బల్ల మీద పెట్టి చదవటం. బెంచ్ రీడింగ్ అంటారు. అసలు వాదన ఇక్కడుంది. బండిలో ఉన్నంతసేపు తప్పు డబ్బాదా వైరింగ్‌దా తెలియదు. బల్ల మీద వైరింగే లేదు. మంచి పవర్ సప్లై, మూడు నాలుగు వైర్లు, డబ్బా, అంతే. అక్కడ పలికిందంటే తప్పు బండి వైరింగ్‌లోనే ఎక్కడో ఉందని దాదాపు తేలిపోయినట్టే. కొత్త డబ్బా కొన్నా ఆ రోగం పోదు. మా చుట్టుపక్కల ఒక బండికి డబ్బా మార్చారు, నెల తిరక్కుండా మళ్ళీ అదే తంతు. చివరికి తేలింది ఎర్త్ బోల్టు. పాత డబ్బా ఏమైందో ఎవరికీ తెలియదు.

బల్ల మీద కూడా పలకకపోతే చచ్చినట్టేనా? అప్పుడే కాదు. సగం మంది అక్కడ చేసే పొరపాటు కరెంటు ఇవ్వటంలోనే. ఈసీయూకి ఒక్క ప్లస్ చాలదు. ఎప్పుడూ ఉండే ప్లస్ ఒకటి, తాళం తిప్పితే వచ్చే ప్లస్ ఇంకొకటి. చాలా బండ్లలో మెయిన్ రిలే ద్వారా వచ్చే ప్లస్ మూడోది, ఆ రిలేని లాగేది కూడా ఈసీయూనే. బల్ల మీద రిలే ఉండదు కాబట్టి ఆ పిన్నుకి మనమే కరెంటివ్వాలి. ఎర్త్ పిన్నులు కూడా ఒకటి కాదు, అన్నీ కలపాలి. క్యాన్ లైనుకి రెసిస్టర్ కొన్ని డబ్బాల్లో లోపలే ఉంటది, కొన్నింట్లో ఉండదు. లేనప్పుడు బయట 120 ఓమ్ ఒకటి పెట్టాలి. పిన్నుల పటం ఆ డబ్బా మీద ఉన్న నంబరుదే అయ్యుండాలి. అదే కంపెనీ, అదే ఇంజిన్ అని పక్క మోడల్ పటం చూసి వైరు గుచ్చితే బాగున్న డబ్బా నిజంగానే చస్తది.

బ్యాటరీ ఛార్జర్ తగిలించి చదివేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం. దాని కరెంటు అలలు అలలుగా వస్తది, ఈ పనికి పనికిరాదు. 12 వోల్టులు నిలకడగా ఇచ్చే సప్లై కావాలి, దానికి ఆంపియర్ల హద్దు పెట్టుకోవాలి. ఆ సప్లై మీద ఆంపియర్ల అంకె కూడా సాక్ష్యమే. పూర్తిగా సున్నా అంటే కరెంటు లోపలికే పోవట్లేదు, ముందు మన వైర్లు చూసుకోవాలి. పెట్టగానే హద్దుకు తగులుకుంటే లోపల షార్టు, లేదా ప్లస్ మైనస్ తారుమారు. కొద్దిగా లాగుతూ పలకకపోతే క్యాన్ వైర్లు అటూ ఇటూ అయ్యాయేమో, టూల్‌లో ఎంచుకున్న మోడల్ సరైనదేనా అని చూడాలి. నంబరు చూపించి, ఫైలు మాత్రం ఇవ్వకపోతే అది చావు కాదు, తాళం. కొత్త సాఫ్ట్‌వేర్లకు కంపెనీలు పాస్‌వర్డ్ తాళాలు వేస్తున్నాయి. మూత తెరిచి బోర్డు మీద బూట్ మోడ్‌లో చదివే పద్ధతి కూడా ఉంది గానీ, అది చెయ్యి తిరిగినవాడి పని. సీల్ చేసిన మూత వంకరగా ఊడితే మళ్ళీ నీళ్ళు ఆగవు.

చదవటం మధ్యలో ఆగిపోతే ఈసీయూని తిట్టేముందు ల్యాప్‌టాప్ నిద్రపోయిందేమో, యూఎస్‌బీ తీగ వదులుగా ఉందేమో, టూల్ నకిలీదేమో చూడమనండి. చదివిన ఫైలు రెండుసార్లు చదివి పోల్చాలి. రెండూ ఒకటి కాకపోతే ఆ ఫైలు నమ్మొద్దు. నిండా ఒకే అక్షరాలుంటే అది చదువు కాదు, ఖాళీ పలక.

ఇంత చదువు రైతుకెందుకు, షోరూమ్‌కి తీసుకురండి అంటారు కంపెనీవాళ్ళు. వారంటీలో ఉంటే తప్పకుండా తీసుకెళ్ళాలి, డబ్బా మీద చెయ్యే వెయ్యనివ్వొద్దు. వారంటీ అయిపోయాక మాటేమిటి? నాట్ల టైములో బండి పది రోజులు షెడ్డులో ఉంటే ఆ కిరాయి ఎవడిస్తాడు? 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. అందులో వ్యవసాయ పరికరాలు కూడా ఒక విభాగం. మంచిదే. కానీ పోర్టల్‌లో ఫోన్ నంబర్లు పెడితే చాలదు. వైరింగ్ పటం, పిన్నుల వివరం, తప్పుల కోడ్‌ల అర్థం ఊరి మేస్త్రికి అందాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. ట్రాక్టర్ల కంపెనీలు రిపేరు సమాచారం, టూల్స్, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

ఇంకో జాతి ఉంది, ల్యాప్‌టాప్ సంచితో ఊరూరా తిరిగేవాళ్ళు. "చదివేది మేమే, పదిహేను హార్స్‌పవర్ పెంచుతాం, ఈజీఆర్ మూసేస్తాం." వీళ్ళని కంపెనీల కన్నా దూరం పెట్టండి. గేరుబాక్సూ క్లచ్చూ ఆ పవర్‌కి చేసినవి కావు. పైగా రిజిస్ట్రేషనైన బండిని కంపెనీ చేసిన తీరు నుంచి అలా మార్చటం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రేపు ఇన్సూరెన్సువాడు మొండికేస్తే సంచివాడు రాడు. చదవటం రోగం కనుక్కోవటానికి, అసలు ఫైలు దాచుకోవటానికి. రాయటం వేరే సంగతి. పూర్తి బ్యాకప్ లేకుండా ఒక్క అక్షరం రాయనివ్వొద్దు.

మరి వర్క్‌షాపులో ఏం అడగాలి? స్కానర్ కనెక్ట్ కాలేదన్నప్పుడు బ్యాటరీ, ఎర్త్, క్యాన్ కొలతలు కాగితం మీద రాసివ్వమనండి. బల్ల మీద పెట్టి చూశారా, ఎన్ని ఆంపియర్లు లాగింది అని అడగండి. కొత్త డబ్బా వేస్తే పాతది మన చేతికివ్వాలి, అది మన డబ్బుతో కొన్నది. ఇంజెక్టర్ల తల మీద అక్షరాలూ అంకెలూ కలిపిన కోడ్ ఉంటది, ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కోటి. డబ్బా మారితే ఏ సిలిండర్‌ది ఆ సిలిండర్‌కే మళ్ళీ ఎక్కించాలి. లేకపోతే పొగా, మోతా, డీజిల్ తాగుడూ మొదలు. బండి బాగున్నప్పుడే ఆ కోడ్‌లు, ఈసీయూ మీద నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. దుమ్ము తుడిచి తీయండి, అంకెలు కనపడాలి.