ఏజెన్సీలో ఇల్లు అమ్మాలంటే సున్నం కంటే ముందు చూసుకోవాల్సింది



రాజమండ్రిలో ఇల్లు అమ్మాలంటే రంగులేయిస్తారు, కారే పంపులు బాగు చేయిస్తారు, ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు ఫైల్లో పెట్టుకుంటారు. మా హాస్టల్ వీధిలోనే అలాంటి ఇళ్లు రెండున్నాయి. మన ఏజెన్సీలో మాత్రం ముందు చూడాల్సింది కొనేవాడు ఎవరని.

మా చిన్నాన్నది రోడ్డు పక్క పెంకుటిల్లు. చెల్లి నర్సింగ్ ఫీజు కోసం అమ్ముదామనుకుంటున్నాడు. (ఫీజు డబ్బులు టైముకి పడితే ఈ మాటే రాదు, అది వేరే పోస్టు.) మైదానం నుంచి వచ్చిన ఒక షావుకారు బేరానికొచ్చి "నువ్వు సున్నం వేయించు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట. మిగతాది అంటే నోటరీ కాగితం, కొన్నట్టు తన కొట్లో పనిచేసే మనవాడి పేరు.

మనం 1/70 అనేది 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనుడికి, లేదంటే పూర్తిగా గిరిజనులే ఉన్న సహకార సంఘానికి మాత్రమే ఇవ్వొచ్చు. గిరిజనేతరుడికి అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం కూడా చెల్లవు. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణని సమర్థించింది. మనోళ్లకి రాజమండ్రిలో ఇల్లుంటే దానికి ఇది వర్తించదు.

"ఈ చట్టం వల్లే మన ఇళ్లకి రేటు లేదు" అని మన కుర్రాళ్లే కొందరు అంటున్నారు. రేటు తక్కువ అన్నది నిజమే, కొనగలిగే మనోళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు? కానీ బినామీ బేరంలో మాత్రం పూర్తి రేటు ఎక్కడొస్తుంది? రేపు కేసు పడితే ఇల్లు పోతుందని కొనేవాడికి తెలుసు, ఆ భయాన్ని కూడా మన రేటులోంచే కోస్తాడు. అడ్వాన్సిచ్చి మిగతాది ఎగ్గొడితే? చెల్లని కాగితం పట్టుకుని చిన్నాన్న ఏ కోర్టు మెట్లెక్కుతాడు?

కొనే గిరిజనుడు దొరక్కపోతే ఆ భూమిని ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసుకోమని అర్జీ పెట్టుకునే వీలు ఆ రెగ్యులేషన్‌లోనే ఉంది. మా ఊళ్లో అది వాడినవాళ్లు ఒక్కరూ లేరు. మన సంఘాలు అడిగితే దాని గురించి అడగాలి, ఇళ్లకి కూడా సరైన ధరతో అమలు చేయమనాలి. 1/70 ఎత్తేయమనే వాళ్ల వెనక తిరగడం దేనికి?

చిన్నాన్నకి ఫోన్లో ఇదే చెప్పాను. ఇంటి పన్ను రసీదు ఇంకా తాత పేరు మీదే ఉందట. ముందు నాన్న, అత్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, తర్వాత పేరు మార్పించాలి. పక్క ఊరి మాస్టారు ఒకాయన, మనవాడే, ఇల్లు వెతుకుతున్నాడని విన్నాను. ఆయన షావుకారు చెప్పినంత ఇవ్వలేకపోవచ్చు. అయినా రిజిస్ట్రేషన్ అవుతుంది.