ఆలయ మర్యాదలు: నీలిగుర్తు గల చోటు ఎవరిది?

గత మాసమున ఈ శీర్షికలో పాదరక్షలు విడుచు పద్ధతిని గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమున ఆలయము వద్ద కార్లు నిలుపు పద్ధతిని గూర్చి వ్రాయదలచితిమి. ఇది అల్ప విషయమని కొందరు తలపవచ్చును. అల్పము కాదని మాకొక అనుభవము నేర్పినది. దానిని దాచక చివర చెప్పెదము.

మన సంఘమునకు చెందిన దంపతులు ఇటీవల అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమందలి క్యారీ పట్టణమునకు పోయి, కుమారుని చూచి వచ్చిరి. ఆ పట్టణమున తెలుగువారు చాలమంది కలరు. వారు మన పెద్దల వలె ఒప్పందపు కూలికి గాక, చదువులకును ఉద్యోగములకును పోయినవారు. అచ్చట శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము 2009లో వెలసినది. దాని 87 అడుగుల రాజగోపురమును 2022 అక్టోబరు 24న, దీపావళి నాడు, అప్పటి గవర్నరు రాయ్ కూపర్ ప్రారంభించెను.

ఆ దంపతులు గోపురమును గూర్చి ఎంత సంతోషముతో చెప్పిరో, ఒక అంగడి ముంగిట చూచిన ఖాళీ చోటును గూర్చియు అంత ఆశ్చర్యముతో చెప్పిరి. ఆనాడు పెద్ద వాన కురియుచుండెనట. కార్లు నిలుపు స్థలమంతయు నిండిపోయెను. తలుపునకు దగ్గరగా రెండు చోట్లు మాత్రము ఖాళీగా నుండెను. తండ్రి "ఆ ఖాళీలో నిలుపరాదా నాయనా?" అని అడిగెను. "అది ఖాళీ కాదు నాన్నా, రావలసినవారు ఇంకను రాలేదు, అంతే" అని కుమారుడు బదులు చెప్పి, దూరముగా కారు నిలిపి, తడియుచు నడిచి వచ్చెనట. ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది.

నీలి పలకపై తెల్లని చక్రాల కుర్చీ బొమ్మ యున్న చోటు అది. ఆ బొమ్మకు మూలరూపమును 1968లో డెన్మార్కు దేశపు విద్యార్థిని సుసానే కోఫోడ్ గీసినది. నేడది లోకమంతట చెల్లుచున్నది.

అమెరికాలో ఈ మర్యాద ఊరకనే రాలేదు. 1990 మార్చి 12న నడువలేనివారు అనేకులు వాషింగ్టను నగరమున శాసనసభా భవనము ఎదుట తమ చక్రాల కుర్చీలను, చేతికఱ్ఱలను విడిచి, ఆ మెట్లను ప్రాకుచు ఎక్కిరి. చూచువారికి కన్నీరు వచ్చెను. అదే సంవత్సరము జూలై 26న వికలాంగుల హక్కుల చట్టముపై అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసెను. ఆ చట్టపు నియమముల ప్రకారము 25 కార్లు పట్టు స్థలములో ఒకటియు, 100 కార్లు పట్టు స్థలములో నాలుగును వికలాంగుల కొఱకు ఉంచవలెను. అట్టి చోట్లు ఆరింటికొకటి పెద్ద వ్యానులకు తగినట్లుండవలెను. ప్రతి చోటు ప్రక్కను కనీసము 5 అడుగుల వెడల్పున గీతలు గీసిన ఖాళీ జాగా ఉండవలెను.

ఈ గీతల జాగా ఎందులకని కొందరు అడిగెదరు. కారు తలుపు పూర్తిగా తెరచి, చక్రాల కుర్చీని దింపి విప్పి, మనిషిని అందులో కూర్చుండబెట్టుటకు ఆ జాగా కావలెను. "మేము గుర్తుగల చోట నిలుపలేదు, గీతల మీదనే నిలిపితిమి" అని చెప్పుట సరికాదు. గీతల మీద నిలిపినను ద్వారమును మూసినట్లే.

క్యారీకి ప్రక్కనే రాలీ నగరము కలదు. అచ్చటి రాష్ట్ర విశ్వవిద్యాలయమున రొనాల్డ్ మేస్ అను భవన శిల్పి యుండెను. తొమ్మిదవ ఏట పోలియో సోకి ఆయన కాళ్లు పడిపోయెను. ఆయన అచ్చట విద్యార్థిగా నున్నప్పుడు పాఠములు వినుటకు ఇతరులు ఆయనను మెట్లమీదుగా ఎత్తుకొని పోవలసి వచ్చెడిది. అట్టి ఆయన శ్రమ ఫలితముగా 1973లో నార్త్ కరోలినాలో వికలాంగులకు అనుకూలమైన భవన నియమములు ఏర్పడినవి. ఆ దేశమున అట్టివానిలో అవియే మొదటివని చెప్పుదురు. అందరికిని పనికివచ్చునట్లు ముందుగనే కట్టవలెనన్నది ఆయన సిద్ధాంతము. ఆయన 1998లో కాలధర్మము నొందెను.

ఆ రాష్ట్రమున అర్హత లేక అట్టి చోట కారు నిలిపినవారికి 100 మొదలు 250 డాలర్ల వరకు జరిమానా కలదు. వైద్యుని ధ్రువీకరణ మీద ఇచ్చు అనుమతి పలకను కారు అద్దము వద్ద వ్రేలాడదీయవలెను. ఆ పలక మనిషిదే గాని కారుది కాదు. అవ్వ ఇంటి యందుండగా మనుమడు ఆమె పలకతో అంగడి ముంగిట కారు నిలుపుట దొంగతనమే యగును.

ఇంకొక మాట. 200 అడుగులు ఆగక నడువలేనివారును, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు మిక్కిలి ముదిరినవారును ఆ పలకకు అర్హులు. అట్టివారు కారు దిగి నాలుగడుగులు చక్కగనే నడువవచ్చును. వారిని చూచి "నీకేమి, బాగుగనే యున్నావు గదా" అని నిందింపరాదు. పలక యున్నచో మనము నోరు మూసికొనవలెను. మన పని మన కారును గూర్చి విచారించుటయే.

అమెరికా కేంద్ర చట్టపు నియమములనుండి మత సంస్థలకు మినహాయింపు కలదని తెలిసికొంటిమి. రాష్ట్రముల భవన నియమములు వేరు. దేవుని ఇంటికి చట్టము మినహాయింపు ఇచ్చినంత మాత్రమున ధర్మము మినహాయింపు ఇచ్చునా? మహాభారతము అరణ్యపర్వమున అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరలు గల ఆ బాలుడు జనక మహారాజు యజ్ఞమునకు పోవుచుండగా, త్రోవలో రాజునకు దారి విడువవలసి వచ్చెను. అంధునకు, చెవిటివానికి, స్త్రీకి, బరువు మోయువానికి ముందుగా దారి విడువవలెననియు, రాజు వంతు తరువాతనే యనియు ఆ బాలుడు ధర్మము చెప్పెను. జనకుడు కోపింపక దారి విడిచెను. రాజే తప్పుకొనిన దారిలో మన కారు ఎంతటిది?

మన తాతలు చెరకు తోటలలో ఒక దినము పనికి రాలేకపోయినచో రెండు దినముల కూలి కోసెడివారని పెద్దలు చెప్పగా విన్నాము. కాలు విరిగినవాడు, జ్వరపడినవాడు లెక్కలో నష్టముగా కనబడెడివాడు. దేహబలముతోనే మనిషిని కొలిచిన ఆ కొలత ఎంత క్రూరమో మన కుటుంబములకు తెలియును. ఆ కొలతను మన గుడి వాకిటికి తేరాదు.

ఇక మా అనుభవము. రెండేండ్ల క్రిందట మేమే గుడి ద్వారము ప్రక్కన రెండు చోట్లకు నీలి గీతలు గీయించితిమి. గడచిన రామభజన నాటి సాయంకాలము పూలబుట్టలు, ప్రసాదపు గిన్నెలు దింపుటకు మా వ్యానును, సంఘపు పెద్దల కారును ఆ చోట్లనే నిలిపితిమి. "అయిదు నిమిషములే గదా, స్వామి పనియే గదా" అనుకొంటిమి. ఇంతలో దీపము వెలిగించిరి, భజన మొదలయ్యెను. వాహనములు తెల్లవారువరకు అచ్చటనే యుండెను.

మూడు దినముల తరువాత ఒక ఇంటి కోడలు ప్రసాదపు గిన్నె తిరిగి ఇచ్చుటకు వచ్చి, "అత్తగారు భజన చాల బాగున్నదని చెప్పమనిరి. కారులో కూర్చుండియే వినిరి" అనెను. ఆ తల్లికి పక్షవాతము వచ్చి రెండేండ్లాయెను. కుమారుడు ఆమెను తీసికొని వచ్చి, కుర్చీ దింపుటకు చోటు లేక, చెరకు తోట ప్రక్క రోడ్డు మీద ఒక గంటసేపు నిలిచి, అద్దము దింపి ఆమెకు పాట వినిపించి, దీపదర్శనము లేకయే ఇంటికి తీసికొనిపోయెను. లోపలికి వచ్చి మమ్ము అడుగుటకు అతనికి మొగమాటమైనదట. మేము వారి ఇంటికి పోయి క్షమాపణ కోరితిమి. ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు, కాఫీ ఇచ్చి పంపినది. ఆ కాఫీ మాకు సులభముగా గొంతు దిగలేదు.

కావున ఇకమీదట ఈ మర్యాదలు పాటింపుడని మనవి. నీలిగుర్తు గల చోట పూలబండిగాని, పురోహితుల కారుగాని, అధ్యక్షుల కారుగాని ఒక్క నిమిషమైనను నిలుపరాదు. పండుగనాడు ఒక స్వచ్ఛంద సేవకుడు ఆ చోట కాపు ఉండును. మెట్ల ప్రక్క వాలుబాట మీద చెప్పులు విడువరాదు. నడువలేని పెద్దలు గల ఇండ్లవారు ముందుగా తెలిపినచో మా మనుష్యులు ద్వారమువద్దకు వచ్చి తోడ్పడుదురు. ఎవరికిని మొగమాటము వలదు. అడుగుట మీ హక్కు, చేయుట మా పని.

రానున్న సింహాద్రి అప్పన్న పూజకు ఆ తల్లి వచ్చెదనని మాట ఇచ్చినది. ఆనాడు ఆ చోటు ఖాళీగా కనబడినచో, అది ఖాళీ కాదని అందరును గుర్తెరుగుదురు గాక.

వచ్చు మాసము ప్రసాదము వడ్డించు పద్ధతిని గూర్చి వ్రాసెదము. సర్వే జనాః సుఖినో భవంతు.