గులాబీ గోలీకి పేరుండాలి

మా ఇళ్లలో సఫర్ అనగానే ముందు బయటికొచ్చేది తూకం మిషన్. ఊరగాయ ఎన్ని కిలోలు, ఉస్మానియా బిస్కెట్లు ఎన్ని డబ్బాలు, పిల్లల ఈద్ జోడాలు ఎన్ని అని గ్రాములతో సహా లెక్క చూస్తాం. అమ్మీ దవా మాత్రం అన్నీ సర్దాక గుర్తొస్తుంది. వీధి చివరి మెడికల్ షాపుకు పరిగెత్తి, "భాయ్, అమ్మీవి 15 రోజులకు ఇవ్వు" అంటాం. అతను ఇస్తాడు. హ్యాండ్‌బ్యాగులో పడేసి "అల్లాహ్ మాలిక్ హై" అనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. ఆ గఫ్లత్ ఖరీదు ఎంతయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అందుకే ఈ మాటలు.

2024 ఏప్రిల్ 3న అమ్మీని తీసుకుని షార్జా వెళ్లాను. తమ్ముడు అక్కడే నౌకరీ చేస్తాడు. ఈద్ వాడింట్లో చేసుకుని, పిల్లలతో నాలుగు రోజులు గడిపి, 17న తిరిగి రావాలి. అమ్మీకి అంతకు ఎనిమిది నెలల ముందు గుండెకు స్టెంట్ వేశారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక గులాబీ రంగు క్యాప్సూల్ వేసుకోవాలి. డిశ్చార్జి రోజున డాక్టర్ సాబ్ వేలెత్తి మరీ చెప్పాడు: "ఏడాది వరకు ఇది ఒక్కరోజు కూడా ఆగకూడదు." మేం తలూపాం. ఎందుకు ఆగకూడదో అడగలేదు. మనకు డాక్టర్‌ను సవాల్ అడగడం బేఅదబీ కదా!

ఏప్రిల్ 3 రాత్రి నుంచి 17 రాత్రి వరకు సరిగ్గా 15 రాత్రులు. 15 క్యాప్సూళ్లు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. బనియా లెక్క!

ఈద్ బాగా గడిచింది. షీర్‌ఖుర్మా, పిల్లల ఈదీలు, తమ్ముడి దోస్తుల రాకపోకలు. ఏప్రిల్ 16న వాన మొదలైంది. పేపర్లలో మీరు చూసే ఉంటారు. అక్కడ 1949 నుంచి రికార్డులు ఉన్నాయి, అన్నేళ్లలో అంత వాన లేదు. అల్ ఐన్ వైపు ఒకచోట ఒక్కరోజులో 254 మిల్లీమీటర్లు కురిసింది. దుబాయ్ రన్‌వే మీద విమానాలు చెరువులో పడవల్లా కనిపించాయి. షార్జాలో మా తమ్ముడి గల్లీ మోకాలి లోతు నీళ్లలో మునిగింది. మా 17వ తారీకు ఫ్లైటు రద్దయింది. మళ్లీ సీటు దొరికింది 22కి.

నేను జర్నలిస్టును కదా, కిటికీలోంచి వీడియోలు తీస్తూ, డెస్కుకు పంపుతూ మహా బిజీ. దవా సంగతి నా జెహెన్‌లోకే రాలేదు.

19 రాత్రి నీళ్ల గ్లాసు ఇద్దామని అమ్మీ దగ్గరకు వెళ్లాను. తస్బీహ్ తిప్పుతోంది. "గోలీ వేసుకున్నావా?" అన్నాను. "హౌ బేటా" అంది, నా మొహం చూడకుండా. దిండు పక్కన సంచీలో స్ట్రిప్ చూశాను. అన్ని గుంటలూ ఖాళీ.

నిలదీస్తే అప్పుడు చెప్పింది. ఫ్లైటు రద్దయిందని వినగానే తనే లెక్క వేసుకుందట. మిగిలిన ఒక్క గోలీ 17న ఆపి 18న వేసుకుందట. "రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోతుంది అనుకున్నా. ఇంత వానలో మీరిద్దరూ బయటికి పోవాలా? కాయకు పరేషానీ, బేటా?"

అమ్మీ మీద కోపం రాలేదు. నా మీద నాకే షరమ్ వేసింది. కొడుకులిద్దరూ ఇంట్లో ఉండగా ఒక తల్లి తన ప్రాణానికి రేషన్ పెట్టుకుంది. మాకు తకలీఫ్ ఇవ్వకూడదని!

దోస్తులారా, ఇది మా అమ్మీ ఒక్కదాని ఆదత్ కాదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, గోలీలు అయిపోతున్నాయని చెప్పరు. సగం విరుస్తారు. రోజు తప్పిస్తారు. పరాయి దేశంలో కొడుకు ఖర్చు గుర్తొస్తే ఇంకా ముడుచుకుపోతారు. "గోలీ వేసుకున్నావా" అని అడగడం ఖిద్మత్ కాదు. స్ట్రిప్ తీసి చూడటం ఖిద్మత్.

ఆ రాత్రే ఇంకో ప్రమాదం తలుపు తట్టింది. పక్క ఫ్లాటులో నిజామాబాద్ వైపు బిరాదర్ ఒకాయన. సంగతి తెలిసి పాపం తన స్ట్రిప్ పట్టుకొచ్చాడు. "మా అబ్బా కూడా గుండెకు ఇదే వేసుకుంటాడు భాయ్, చూడండి గులాబీ రంగు." రంగు నిజంగా అదే. తమ్ముడు చేయి చాచబోయాడు. వెనక్కి తిప్పి అక్షరాలు చదివితే అది బీపీ మందు. రంగు ఒకటే, మందు వేరు. ఆయన నియ్యత్ బంగారం. కానీ మంచి నియ్యత్‌తో ఇచ్చిన తప్పు గోలీ కూడా తప్పు గోలీయే.

20 పొద్దున నీళ్లలో నడుచుకుంటూ ఫార్మసీకి వెళ్లాం. కౌంటర్ వెనక మలయాళీ కుర్రాడు. ఖాళీ స్ట్రిప్ ఇచ్చాను. తిప్పి చూశాడు. "సర్, ఈ బ్రాండ్ మా దగ్గర ఉండదు. ఇందులో ఏ మందు ఉంది?"

నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. 20 ఏళ్లుగా పేపర్లో హెల్త్ వార్తలు దిద్దుతున్నవాణ్ని. మా అమ్మీ రోజూ మింగే మందు పేరు నాకు తెలియదు. స్ట్రిప్ మీద లేదా అంటారేమో. మందు పేర్లున్న ముక్కను షాపువాడు ఎప్పుడో కత్తిరించి ఇంకొకరికి ఇచ్చేశాడు. మాకు మిగిలింది బ్రాండ్ పేరులో సగం, ఎక్స్‌పైరీ తారీకులో సగం. డాక్టర్ చీటీ ఫోటో ఫోన్‌లో ఉంది. దాన్ని చదవాలంటే ఆ డాక్టర్ ఒక్కడే చదవాలి.

హైదరాబాద్‌లో మన టైమ్ గంటన్నర ముందు. మా మెడికల్ షాపు భాయ్ అప్పుడే షటర్ ఎత్తాడు. డబ్బా మీది పేర్లు ఫోన్‌లో ఒక్కొక్క అక్షరం చదివాడు: క్లోపిడోగ్రెల్ 75, యాస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 10. ఆ కుర్రాడి మొహం వెలిగింది. "ఇలా చెప్పండి సర్! అన్నీ ఉన్నాయి. మూడూ విడివిడిగా ఉంటాయి. కానీ ఇక్కడి డాక్టర్ రాసిన నుస్ఖా కావాలి." పైఅంతస్తులోనే క్లినిక్. డాక్టరమ్మ చూసింది, పరీక్షించింది, ఈసీజీ తీసింది, రాసిచ్చింది. ఎలా మొదలుపెట్టాలో ఆవిడే చెప్పింది. అల్‌హమ్దులిల్లాహ్, అమ్మీకి ఏమీ కాలేదు.

ఎందుకు ఆగకూడదో డాక్టరమ్మే చెప్పింది. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన లోహపు జాలీ. దాని మీద నాళం తన పొర అల్లుకోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు రక్తం ఆ లోహం మీద గడ్డకట్టే ఖత్రా ఉంటుంది. క్లోపిడోగ్రెల్, యాస్పిరిన్ కలిసి దాన్ని ఆపుతాయి. అమ్మీ థైరాయిడ్ గోలీ సంగతి వేరే. అది ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది. తమాషా ఏమిటంటే థైరాయిడ్ గోలీలు 100 ఉన్న సీసా మేం నిండుగా తెచ్చాం. ఆగకూడనిది లెక్కపెట్టి తెచ్చాం. అన్ని గోలీలూ ఒకటి కాదు. ఏది ఒక్కరోజు కూడా ఆగకూడదో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

అసలు సమస్య గోలీలు తక్కువ కావడం కాదు, పేరు తెలియకపోవడం. గోలీలు తక్కువైతే ఏ దేశంలోనైనా ఫార్మసీ ఉంది. పేరు తెలియకపోతే ఫార్మసీ ముందు నిలబడినా బేకార్. మనకు జ్వరం గోలీ డోలో, వాళ్లకు పనడాల్. లోపల ఉన్నది ఒకటే, పారాసిటమాల్. అమెరికా పోతే దాన్నే అసిటమినోఫెన్ అంటారు. మనం షుగర్‌కు గ్లైకోమెట్ అంటాం, గల్ఫ్‌లో గ్లూకోఫేజ్ అంటారు. లోపల మెట్‌ఫార్మిన్. బ్రాండ్ పేరు గల్లీలో పిలిచే ముద్దు పేరు లాంటిది. సరిహద్దు దాటాక పాస్‌పోర్టులో పేరే చెల్లుతుంది.

ఆ పేరు రాయడం డాక్టర్ల జిమ్మేదారీ. ఇది నా ఫర్మాయిష్ కాదు, కానూన్. 2016లోనే మెడికల్ కౌన్సిల్ నియమం మార్చింది. జెనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాయాలని చెప్పింది. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని ఇంకా కఠినంగా చేసింది. డాక్టర్ల సంఘాలు వ్యతిరేకించాయి. అదే నెలలో ఆ కొత్త నిబంధనల్ని పక్కన పెట్టారు. జెనరిక్ మందులన్నిటి నాణ్యత ఒకేలా ఉండదన్నది డాక్టర్ల ఎతరాజ్. అందులో న్యాయం లేకపోలేదు. సరే, మీకు నమ్మకమున్న బ్రాండే రాయండి హుజూర్. పక్కనే బ్రాకెట్లో అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయండి. అర నిమిషం పని. దానికి ఎవరి నాణ్యత అడ్డొస్తుంది?

ఇంకొక మాట. ఆ రోజు తమ్ముడు, "ఎవరైనా ఊరినుంచి వస్తుంటే తెప్పిద్దాం భయ్యా" అన్నాడు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లే ప్రతి సంచీలో ఎవరిదో ఒకరి దవా పొట్లం ఉంటుంది. ఇది మన మొహబ్బత్. కానీ అక్కడి కానూన్‌కు మొహబ్బత్ తెలియదు. మన దగ్గర నడుంనొప్పికి రాసే ట్రమడాల్, దగ్గు సిరప్‌లో ఉండే కోడీన్, షుగర్ వాళ్ల కాళ్ల మంటలకు ఇచ్చే ప్రెగాబాలిన్ యుఏఈలో నియంత్రణలో ఉన్న మందులు. నుస్ఖా, ముందస్తు ఇజాజత్ లేకుండా పట్టుబడితే జవాబు చెప్పేది సంచీ మోసినవాడే. ఇజాజత్ కోసం ఆన్‌లైన్‌లో ముందే దర్ఖాస్తు చేసుకోవచ్చు. మీ సొంత మందులకైనా అది చూసుకోండి. పేరు తెలియని పొట్లం మాత్రం సొంత మామూ ఇచ్చినా తీసుకోకండి.

మిగతావి చిన్న సంగతులే. సఫర్ 15 రోజులైతే దవా 30 రోజులకు. సగం హ్యాండ్‌బ్యాగులో, సగం ఇంకొకరి హ్యాండ్‌బ్యాగులో. పెద్ద సామాన్‌లో వేయొద్దు. అది ఎక్కడ దిగుతుందో ఖుదాకే ఎరుక. స్ట్రిప్ కత్తిరించనివ్వకండి, డబ్బాతో అడగండి. నుస్ఖా కాగితమూ ఉండాలి, ఫోన్‌లో ఫోటో కూడా ఉండాలి.

తవక్కుల్ మన ఈమాన్‌లో భాగం. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్నారు. నేను ఒంటెను వదిలేసి "అల్లాహ్ మాలిక్" అన్నాను. ఇద్దరు కొడుకుల కసూర్‌కు అమ్మీ రెండు రాత్రుల గోలీ చెల్లించింది.

తిరిగొచ్చాక ఒక కార్డు చేశాను. ఒకవైపు ఫార్మసీ వాళ్లకు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో మందుల పేర్లు, మోతాదు, స్టెంట్ వేసిన తారీకు. రెండోవైపు అవే పేర్లు అమ్మీకి ఉర్దూలో. ఆమె చదువుకున్నది ఉర్దూనే. ఆ బడి ఉర్దూ నాకు ఇన్నేళ్లకు ఇలా పనికొచ్చింది. అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంది: "క్లో... పి... డో... గ్రెల్. ఎవరో అంగ్రేజ్ సాబ్ పేరులా ఉంది." ఇప్పటికీ గులాబీ గోలీ అనే అంటుంది. కానీ కార్డు బటువాలోంచి తీయదు. మొన్న స్ట్రిప్‌లో ఏడు మిగిలాయని తనే ఫోన్ చేసి చెప్పింది.

మీ ఇంట్లో గులాబీ గోలీ పేరేమిటి? ఇది చదవడం అయ్యాక లేచి వెళ్లి చూడండి.